చేతులు కట్టుకునే వేళ

“చేతులు,” అంది గోడ పక్కన కూర్చున్న అమ్మాయి.

గదిలో ఉన్నవాళ్లంతా కీబోర్డుల మీంచి చేతులు తీసి బడిపిల్లల్లా కట్టుకున్నారు. కొత్తగా చేరిన కుర్రవాడు ఒక్కడే కట్టుకోలేదు. కొత్తవాళ్లను ఆటపట్టించడానికి ఆఫీసుల్లో ఇలాంటివి చేస్తుంటారని అతను విని ఉన్నాడు. తనలో తాను నవ్వుకుని పని చూసుకున్నాడు.

ఆ ఆఫీసులో పని అంటే ఒక దేశపు డబ్బు ఇచ్చి ఇంకో దేశపు డబ్బు కొనడం, ధర పెరిగితే అమ్ముకోవడం. తెర మీద ధర ఒక గీతగా కదులుతుంటుంది. ఆ సాయంత్రం డాలరు గీత చీమల బారులా నెమ్మదిగా పైకి పాకుతోంది. అతను డాలర్లు కొని, కాళ్లు చాపుకుని, రాబోయే లాభం మీద మనసులోనే మేడ కడుతున్నాడు.

ఉన్నట్టుండి గీత, తాడు తెంచుకున్న దూడలా పైకి గెంతింది. అతను ఒళ్లు మరిచి ఇంకొన్ని కొన్నాడు. మీట నొక్కిన వేలు ఇంకా దాని మీద ఉండగానే గీత తిరగబడి, ఎక్కినదానికి రెండింతలు కిందికి జారింది. చేరిన నాటి నుంచి వచ్చిన లాభమంతా చెట్టు దులిపినట్టు రాలిపోయింది. చేతులు కట్టుకున్నవాళ్లు కట్టుకున్నట్టే ఉండి చూశారు.

“ఎర్ర రంగుతో రాశాను కదండీ,” అంది ఆ అమ్మాయి గోడ మీది తెల్లబోర్డు చూపిస్తూ.

“రాస్తే సరిపోయిందా? కాస్త గట్టిగా చెప్పాల్సింది.”

“ఎర్ర రంగుకి గొంతు కూడా నేనే పెట్టాలా?”

గది నవ్వింది. టీ తెచ్చే ఆవిడను అందరూ పిన్ని అంటారు. ఆవిడ కప్పులు తీసుకుపోతూ, ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఎవరికీ చెప్పనట్టుగా అందరికీ వినబడేలా అంది. ఆ సాయంత్రం నుంచి అతని పేరు ఆత్రం.

ఆ అమ్మాయికి అంతకు ముందే పేరు పడి ఉంది. పంచాంగం. ఏ దేశం ఏ రోజు ఏ కబురు చెప్పబోతోందో వారం మొదట్లో బోర్డు మీద రాయడం ఆమె పని. ఒకచోట ధరలెంత పెరిగాయో లెక్క వస్తుంది. ఇంకోచోట ఎంతమందికి ఉద్యోగాలు దొరికాయో వస్తుంది. మరోచోట పెద్ద బ్యాంకు వడ్డీ పెంచుతుందో దించుతుందో చెబుతుంది. ధరను కాస్త కదిపే కబురుకు పసుపు రంగు, ఇంకొంచెం కదిపేదానికి నారింజ, కుదిపేసేదానికి ఎరుపు. ఎర్ర కబురు రాబోయే ముందు ఆమె “చేతులు” అంటే అందరూ చేతులు కట్టుకోవాలి. కబురు వచ్చాక కూడా ఆమె “సరే” అనేదాకా విప్పకూడదు. ఆఫీసులో అదొక్కటే నియమం. పెద్దాయన పెట్టింది.

పెద్దాయన ఆ ఆఫీసు యజమాని. మాటల్లో మహా పొదుపు. నోటికి తాళం వేసుకుని, తాళంచెవి ఇంట్లో మరిచిపోయి వచ్చినవాడిలా ఉంటాడు. ఆత్రాన్ని ఆయన తిట్టలేదు. కుర్చీ తీసుకెళ్లి పంచాంగం పక్కన వేసుకోమన్నాడు. బోర్డు మీది కబుర్ల క్యాలెండర్ చదవడం వచ్చేదాకా కొనడమూ వద్దు, అమ్మడమూ వద్దన్నాడు.

ఆత్రానికి తల కొట్టేసినట్టయింది. కుర్చీని కావాలనే చప్పుడు చేస్తూ ఈడ్చుకెళ్లాడు. ఆమె తన నీలం గొడుగును గోడవైపు జరిపి చోటు ఇచ్చింది. ఆ గొడుగును ఆమె ఎక్కడా వదలదు. బయట మబ్బు ఉన్నా లేకపోయినా అది ఆమె కుర్చీకి ఆనుకునే ఉంటుంది, పెంపుడు పిల్లిలాగా.

అది వానలు మొదలైన కాలం.

చదువు మొదలైంది. ప్రతి కబురు పక్కనా మూడు గడులుంటాయని చెప్పింది. మొదటిదాంట్లో పోయిన నెల వచ్చిన అంకె. రెండోదాంట్లో ఈ నెల ఎంత రావచ్చని తెలిసినవాళ్లు అంచనా వేసిన అంకె. మూడోది ఖాళీ. కబురు వచ్చిన క్షణాన అసలు అంకె వచ్చి అందులో పడుతుంది. అంకె పెద్దదైతే మంచిది, చిన్నదైతే చెడ్డది అనుకుంటూ వచ్చిన ఆత్రం బుర్ర గోక్కున్నాడు. అనుకున్నదానికీ వచ్చినదానికీ ఎడం ఎంతన్నదే లెక్కని, అందరికీ ముందే తెలిసిపోయిన శుభవార్తకు బజారు తలెత్తి కూడా చూడదని ఆమె చెప్పింది.

అయితే ధర ఎటు పోతుందో ఈ బోర్డు చూసి చెప్పవచ్చా అని అడిగాడు. ఆమె చెప్పలేమంది. ఎప్పుడో తెలుస్తుంది కానీ ఎటో తెలియదంది. ఎటో తెలియనప్పుడు ఇన్ని రంగులు దేనికని అతను విసుక్కున్నాడు.

“పిడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. మబ్బు పట్టినప్పుడు చెట్టు కింద నిలబడొద్దని మాత్రం తెలుసు కదండీ.”

అతను పల్లెలో పుట్టి పెరిగినవాడు. ఆ మాట నేరుగా లోపలికి దిగింది.

ఆమె పక్కన కూర్చుని చేతులు కట్టుకున్న మొదటి సాయంత్రం అతను గది నిశ్శబ్దాన్ని విన్నాడు. మీటల టకటకలు ఆగిపోతే గది కాడి దించిన ఎద్దులా ఊపిరి పీల్చుకుంటుంది. అద్దం మీద వానచుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటూ జారుతున్నాయి. కిటికీ కిందే బస్టాండు. అక్కడి మైకులోంచి ఒక గొంతు తడుస్తూ పైకి వచ్చింది. మిల్లు మీదుగా వెళ్లే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద ఉందని, తోసుకోకుండా ఎక్కమని చెబుతోంది.

ఈ మనిషిని నిద్రలోంచి లేపి మైకు ముందు కూర్చోబెట్టినట్టున్నారని ఆత్రం గుసగుసగా అన్నాడు.

“మా నాన్న,” అంది ఆమె.

ఆత్రం చేతులు ఇంకాస్త బిగించి కట్టుకున్నాడు. కాసేపు ఎటు చూడాలో తెలియలేదు. చివరికి ఆమెవైపే చూశాడు. ఆమె పెదవుల చివర నవ్వు, ఎవరూ చూడకుండా గుమ్మంలో నిలబడి తొంగిచూసే పిల్లలా ఉంది.

తరువాత తెలిసింది, ఆయన ఆ బస్టాండులో కంట్రోలర్. ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పడం వరకే తన పని, సీటు దొరుకుతుందో లేదో తాను చెప్పలేను అంటుంటాడట ఇంట్లో కూడా. ఆమెకు క్యాలెండర్ ఎవరు నేర్పారో అప్పుడు అర్థమైంది అతనికి.

రోజులు వానలో నానుతూ గడిచాయి. ఆత్రానికి మళ్లీ కొనడానికి అనుమతి వచ్చింది. కుర్చీని మాత్రం పాత చోటికి తీసుకెళ్లలేదు. అక్కడ ఫ్యాను గాలి తగలదన్నాడు. తగిలేది ఇక్కడే తక్కువని అందరికీ తెలుసు.

ఎర్ర కబుర్ల కోసం అతను ఎదురుచూడటం మొదలుపెట్టాడు. అవి ఉన్న సాయంత్రం అతనికి పండుగ. కాసేపు ఎవరికీ పని ఉండదు, మాట ఉండదు. చేతులు కట్టుకుని ఆమె పక్కన ఉండటమే అతని ఉద్యోగం. తెర వెలుగు ఆమె చెంప మీద ఒకసారి నీలంగా, ఒకసారి ఆకుపచ్చగా కదిలేది. ఆమె ఊపిరి తీసినప్పుడు చెవి పక్కన ఒక వెంట్రుక లేచి మళ్లీ వాలేది. తడి గొడుగు వాసన, చల్లారే టీ వాసన, కింద తడిసిన రోడ్డు వాసన కలిసి వచ్చేవి. మేలుకుని ఉండగానే కల ఎలా వస్తుందో అతనికి అప్పుడే తెలిసింది. ఒక్కోసారి ఆమె కూడా తలతిప్పేది. రెండు చూపులు ఒకే గుమ్మంలో ఎదురుపడి, మీరు వెళ్లండంటే మీరు వెళ్లండని తప్పుకున్నట్టు తప్పుకునేవి.

ఒక వారం బోర్డంతా పసుపే. ఒక్క ఎరుపూ లేదు. ఇలా అయితే ఎలాగండీ అని అతను ఆమెనే నిలదీశాడు. జీతం పెంచమని అడిగేవాళ్లను చూశాను కానీ పిడుగులు పెంచమని అడిగేవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని ఆమె అంది. పిన్ని కప్పు అక్కడ పెట్టి, ఎండిన పొలానికి పిడుగైనా చుట్టమేలే అని వెళ్లిపోయింది.

ఇంకో సంగతి అతను గమనించాడు. కబురు రాగానే అందరి కళ్లూ కొత్త అంకె మీద పడతాయి. ఆమె కళ్లు మాత్రం ఎడమవైపు పాత గడికి వెళ్తాయి. ఎందుకని అడిగాడు. పోయిన నెల చెప్పిన అంకెను లెక్క కట్టేవాళ్లే ఈ నెల సవరిస్తారని, అది పక్కన చిన్నగా పడుతుందని ఆమె చెప్పింది. అప్పుడు తొందరలో చెప్పింది అది, లెక్కలన్నీ అందాక తేలింది ఇది.

“అయిపోయినదాన్ని చూసి ఏం లాభం?”

“ముందు అన్న మాట తప్పని ఒప్పుకోవడం తేలికా అండీ? అందుకే నేను దాన్నే ముందు చూస్తాను.”

ఆ మాట చెవిలో వేసుకున్నాడు తప్ప మనసులో వేసుకోలేదు. మనసులో అప్పటికే వేరే సరుకు నిండి ఉంది.

చెప్పేయాలని నిర్ణయించుకున్నాడు. ఎలా చెప్పాలో అద్దం ముందు, బస్సులో, మెట్ల మీద సాధన చేశాడు. మెట్ల మీద చేస్తుంటే పిన్ని విని, బాగానే ఉందిగానీ కాస్త నెమ్మదిగా చెప్పమని సలహా ఇచ్చింది. ఉద్యోగాల లెక్క వచ్చే రోజును ఎంచుకున్నాడు. అది ఎరుపుల్లోకెల్లా ఎరుపు. కబురు వచ్చి, ఆమె “సరే” అన్నాక, అందరూ టీకి లేచినప్పుడు మెట్ల దగ్గర చెప్పాలన్నది ఏర్పాటు.

ఆ సాయంత్రం ఆకాశం కిటికీ దాకా దిగివచ్చింది. ఆమె “చేతులు” అంది. గది ఆగింది. మైకులో వాళ్ల నాన్న చెరకుతోటల మీదుగా వెళ్లే బస్సును పిలుస్తున్నాడు. అంకె పడింది. గీత పైకి గెంతింది. ఆమె కళ్లు అలవాటుగా ఎడమవైపు కదిలాయి. ఆ కదలికలో ఆమె రెప్పలు ఎంత పొడుగో అతనికి కనబడ్డాయి. అంతే, కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయాయి.

“మీరంటే నాకు ఇష్టం. ఈ ఆదివారం మా అమ్మను మీ ఇంటికి పంపనా?”

ఆమె ఉలిక్కిపడి చూసింది.

“వద్దు,” అంది.

తెర మీద గీత దూకిన చోటు నుంచి తిరిగి కిందికి దిగుతోంది. గదిలో ఎవరో దగ్గారు. ఆమె ఆ రోజు “సరే” అనడం చాలా ఆలస్యం చేసింది. అందరూ చేతులు కట్టుకుని తిమ్మిరెక్కి కూర్చున్నారు. చేతులు విప్పేసరికి ఆత్రం కుర్చీ ఖాళీగా ఉంది.

మర్నాడు పొద్దున్నే అతను పెద్దాయన ముందు నిలబడ్డాడు. కాలువ అవతలి ఊళ్లో ఉన్న తమ ఇంకో ఆఫీసుకు ట్రాన్స్‌ఫర్ చేయమన్నాడు. కారణం అడుగుతాడని రెండు మూడు అబద్ధాలు సిద్ధం చేసుకుని వెళ్లాడు. పెద్దాయన కారణం అడగలేదు. ఎప్పుడని మాత్రం అడిగాడు. ఎంత తొందరగా అయితే అంత అన్నాడు ఆత్రం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“కబురు రాకముందు చేతులు కట్టుకోవడం నేర్చావు. వచ్చాక కట్టుకోవడం ఇంకా రాలేదు నీకు.”

ఆ మాట ఆత్రానికి ఎక్కలేదు. శనివారం వెళ్లిపోతానన్నాడు. ఆయన తల ఊపాడు. అది సరే అనడమో, నీ ఖర్మ అనడమో ఆ తలకే తెలియాలి.

మిగిలిన రోజులు కుర్చీ మళ్లీ ఫ్యాను కిందికి వెళ్లింది. ఇంకో ఎర్ర కబురు వచ్చింది. ఆమె “చేతులు” అంది. అతను కట్టుకుని కిటికీవైపు చూశాడు. చుక్కలు జారుతున్నాయి. మైకు గొంతు అదే నిద్రమత్తుతో ఎవరెవరినో ఎక్కడెక్కడికో పంపుతోంది. తననూ అదే గొంతు ఈ ఊరు దాటిస్తుందని అతనికి తోచింది. ఆమె ఒకటి రెండుసార్లు అతనివైపు చూసింది. ఆ సంగతి పిన్ని చూసింది, పక్క కుర్చీవాడు చూశాడు, పెద్దాయన కూడా చూశాడు. చూడాల్సినవాడు చుక్కలు చూస్తున్నాడు.

శనివారం బజారుకు సెలవు. ధరలు ఎక్కడివక్కడే నిద్రపోతాయి. ఆత్రం బట్టల సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వచ్చాడు. వాన పడుతోందా ఆగుతోందా తేల్చుకోలేనంత సన్నగా ఉంది. దీపాలు పగలే వెలిగించారు. ప్లాట్‌ఫారం మీది నీటిలో అవి తలకిందులుగా ఊగుతున్నాయి. కంట్రోలర్ గది కిటికీలో ఒక బట్టతల, ఒక మైకు కనబడ్డాయి. ఆయనను ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. మనిషి నిద్రమత్తులో లేడు. కళ్లు బాగా తెరుచుకునే ఉన్నాయి. గొంతే అంత.

కాలువ అవతలికి వెళ్లే బస్సు కదలబోతోందని మైకు చెప్పింది. ఆత్రం మెట్టు మీద కాలు పెట్టి కడ్డీ పట్టుకున్నాడు.

“చేతులు.”

ఆ మాట వెనకనుంచి వచ్చింది. బుర్ర విని అర్థం చేసుకునేలోపే అతని చెయ్యి కడ్డీ వదిలేసింది. కాలు కిందికి దిగింది. సంచి నీళ్లలో పడింది. ఇన్నాళ్ల అలవాటుగా అతను బస్సు గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. కండక్టర్ ఎక్కుతారా దండం పెట్టుకుంటారా అని అడిగాడు. జవాబు రాకపోతే ఈల వేశాడు. బస్సు బురద చిమ్మి వెళ్లిపోయింది.

ఆమె నీలం గొడుగు కింద నిలబడి ఉంది. పరుగెత్తుకుని వచ్చినట్టుంది. ఊపిరి అందడం లేదు.

“సరే అనకుండానే చేతులు ఎందుకు విప్పారు ఆ రోజు?”

“మీరు వద్దన్నారు కదా.”

“విప్పాకే కదా అడిగారు. అలాంటిదొకటి వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా వచ్చినవాటికి నేను ముందు వద్దనే అంటాను. ఈ గొడుగు అమ్మ తెస్తే కూడా వద్దన్నాను.”

అతను గొడుగువైపు చూశాడు. దాని పిడి ఆమె చేతిలో అరిగి నునుపెక్కి ఉంది. వాన చప్పుడు దాని మీద చిటపటలాడుతోంది. ఈ గొడుగు పక్కనే ఇన్ని నెలలు కూర్చున్నానే అనుకున్నాడు. ఏదో అడగాలని నోరు తెరిచి, అడగకుండా మూశాడు. చేతులు కట్టుకునే ఉన్నాడు. వేళ్లను చంకల్లోకి ఇంకాస్త దోపుకున్నాడు. విప్పలేదు.

ఆమె అతను విప్పుతాడేమోనని చాలాసేపు చూసింది. విప్పలేదని రూఢి చేసుకుంది.

“పోయిన అంకెను సవరించారు,” అంది నేలవైపు చూస్తూ.

“ఎంతకి?”

“వద్దు కాదు. కాస్త ఆగమని.”

“ఇంకా సవరించే వీలుందా?”

“ఉంది. తొందరపెడితే ఉండదు.”

“నేనేమీ అనలేదు. చూడండి, కట్టుకునే ఉన్నాను.”

ఆమెకు నవ్వు ఆగలేదు. గొడుగు ఊగి, దాని మీది నీళ్లన్నీ అతని నెత్తిన పడ్డాయి.

“తడుస్తున్నావు, లోపలికి రా,” అంది. మీరు నువ్వు అయిన సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇద్దరూ తెలియనట్టే ఉన్నారు. ఒక గొడుగు కింద ఇద్దరు ఎలా పడతారో, అలాగే పట్టారు.

అవతలి ఆఫీసులో తన కోసం చూస్తుంటారేమోనని అతను అప్పుడు గుర్తు చేసుకున్నాడు. అక్కడ ఎవరూ చూడటం లేదని ఆమె చెప్పింది. పెద్దాయన ఆ ఊరివాళ్లకు ఆ మాటే చెప్పలేదట. ఆయనా చేతులు కట్టుకునే కూర్చున్నాడట. పిన్ని పొద్దున్నే ఇంటికి వచ్చి అంతా చెప్పి, ఇంకా చూస్తూ కూర్చో అని చీవాట్లు పెట్టి వెళ్లిందట.

కంట్రోలర్ గది తలుపు తెరుచుకుంది. బట్టతల బయటికి వచ్చింది. ఆయన కూతురిని చూశాడు, కుర్రవాణ్ని చూశాడు, నీళ్లలో నానుతున్న సంచిని చూశాడు.

“మనవాడికి బస్సు తప్పిపోయిందా, లేక వదిలేశాడా?”

వదిలేశాడు నాన్నా అని ఆమె చెప్పింది. ఆయన కాసేపు ఆ సంగతిని ఏ ప్లాట్‌ఫారం మీద పెట్టాలా అన్నట్టు ఆలోచించాడు.

“రేపు సాయంత్రం ఇంటికి రా బాబూ. మీ అమ్మగారిని కూడా తీసుకురా. దీపాలు పెట్టే వేళకు. చెప్పి వచ్చినవాళ్లంటే మా ఇంట్లో గౌరవం.”

ఆ కబురు ఆఫీసులో తెలిసినప్పుడు ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. అందరికీ ముందే తెలిసిన వార్తకు ధర కదలదని పక్క కుర్చీవాడు అన్నాడు. కానీ అది సోమవారం మాట.

ఆదివారం, దీపాలు పెట్టడానికి చాలా ముందే, ఆత్రం వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని ఆ వీధిలోకి వచ్చేశాడు. ఆమె ఇంటికి ఎదురుగా మూసి ఉన్న దుకాణం మెట్టు మీద తల్లిని కూర్చోబెట్టి, తానూ కూర్చుని చేతులు కట్టుకున్నాడు. వచ్చినవాళ్లం వచ్చాం, తలుపు కొట్టక ఈ కాపలా ఏమిట్రా అని తల్లి గొణిగింది. వేళ కాలేదమ్మా అన్నాడు. పుట్టిన నాటి నుంచి వీడి నోట ఆ మాట విని ఎరగని ఆ తల్లి, కొడుకు నుదురు తాకి చూసింది. జ్వరమేమీ లేదు.

పైకిటికీలో తెర కదిలింది. కాసేపటికి తలుపు తెరుచుకుని నీలం గొడుగు వీధి దాటి వచ్చింది. ఆమె అతని తల్లికి నమస్కారం పెట్టి, గొడుగు ఆవిడ మీద పట్టి, మెట్టు చివర కూర్చుంది.

“ఇంకా వేళ కాలేదు,” అంది.

“తెలుసు. ఉండనీ.”

వాన పలచగా మొదలైంది. వీధి చివరనుంచి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతూ వాళ్లవైపు నడిచి వస్తున్నాయి. ఆ ఇంటి ముందు దీపం కూడా వెలిగింది. లోపలినుంచి మైకు లేకుండానే మైకు గొంతు వినబడింది. బయట ఉన్నవాళ్లు లోపలికి రావచ్చని, తోసుకోకుండా రావాలని.

ఆత్రం లేవలేదు. ఆమెవైపు చూశాడు.

“సరే,” అంది ఆమె.

అతను చేతులు విప్పాడు.